ఆవు వేరు, గేదె వేరు

బక్రీదు దగ్గరపడిందంటే చాలు, రహదారిపై పశువుల లారీ ఆగిన మరుక్షణం వినిపించే మాట ఒక్కటే: 'ఆవులు!' లోపలున్నవి దున్నలని తేలేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి డ్రైవరు ఆసుపత్రిలోనో, స్టేషనులోనో ఉంటాడు.

పల్లెలో పసివాడికైనా తెలిసిన సంగతిని పత్రికలో రాయవలసి రావడం విచారకరమే. అయినా రాయక తప్పదు. ఆవు, గేదె వేర్వేరు జాతుల జంతువులు. ఆవు కణంలో 60 క్రోమోజోములుంటే, మన గేదెలో 50. ఆ రెండింటికీ సంకరం కుదరదు. నాటు ఆవుకు మూపురం ఉంటుంది, గేదెకు ఉండదు. ఆవు చూడికాలం తొమ్మిది నెలలకు కాస్త పైన. గేదెది పది నెలలు దాటుతుంది.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలులో ఉన్న 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవులను, దూడలను వధించరాదు. ఎద్దులు, దున్నలు, గేదెలు పాడికి, సేద్యానికి, సంతతికి పనికిరావని అధికారి ధ్రువపత్రమిస్తే వధించవచ్చు. దున్న కదా, కాగితమెందుకని అనుకోవడం మనవాళ్లలో కొందరు చేసే పొరపాటు. ఆ పొరపాటే ఎదుటివాడికి ఆయుధమవుతోంది.

ఇక ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈతలో కోడెదూడ, పెయ్యదూడ పుట్టే అవకాశం దాదాపు సమానం. కానీ 2019 పశుగణన ప్రకారం దేశంలోని 19.25 కోట్ల గోజాతి పశువుల్లో ఆడవే 14.51 కోట్లు. మగవి ఐదు కోట్లకు లోపే. అంతకుముందు గణనతో పోలిస్తే మగవాటి సంఖ్య 30 శాతం తగ్గింది. తక్కినవి ఏమయ్యాయి? ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పని పోయింది, పనిలేని పశువుకు గడ్డి కొనే స్తోమత సన్నకారు రైతుకు లేదు. సంతకు తోలుతున్నది అతడే. అతడిలో హిందువూ ఉన్నాడు, ముస్లిమూ ఉన్నాడు. దెబ్బలు మాత్రం లారీ నడిపేవాడికి, ఖురేషీ సోదరుడికి. పాల ప్యాకెట్టు కొనేవారిని ఈ లెక్క ఎవరూ అడగరు.

మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలోనూ ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని నియమించాలని సుప్రీంకోర్టు 2018 జులైలో ఆదేశించింది. మీ జిల్లాలో ఆ అధికారి ఎవరో పండుగకు ముందే లిఖితపూర్వకంగా అడగండి. సంత రశీదు, పశువైద్యుని ధ్రువపత్రం నకళ్లు లారీలో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి. జవాబు వస్తే ఆ అధికారి పేరు, ఫోను నంబరు మసీదు నోటీసుబోర్డుపై అంటించండి.