కూతురికి లేని మంచం అల్లుడికెలా వచ్చింది?

"వీళ్ళ ఇళ్ళల్లో మంచాలున్నాయామ్మా? ఇక్కడికొచ్చేసరికి మంచాలు కావాల్సొచ్చాయా?"

ఆడపిల్లల హాస్టల్లో మంచాలు లేవని అడగడానికి వెళ్ళిన మాతో ఒక అధికారి అన్న మాట ఇది. కోపంగా కూడా అనలేదు. మాకు లోకజ్ఞానం తక్కువని జాలిపడుతున్నట్టు, నవ్వుతూ అన్నాడు. పక్కనే ఉన్న ఇంకో ఉద్యోగి 'ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు' అని సామెత కూడా అందించాడు. అలసిపోయిన పిల్లకి నేలైనా ఒకటే, పరుపైనా ఒకటేనని ఆయన ఉద్దేశం.

ఆ సామెతని నేనూ చిన్నప్పట్నించీ వింటున్నాను. ఒళ్ళు హూనమయ్యేలా చాకిరీ చేసినవాళ్ళకి ఎక్కడ వాలినా నిద్ర పడుతుందని దానర్థం. అంతేగాని ఎక్కడ పడుకోబెట్టినా ఫరవాలేదని కాదు. ఆకలి రుచెరగదు కదా అని పురుగుల అన్నం పెడితే ఒప్పుకుంటామా? (పెట్టారు, ఒప్పుకోలేదు, రోడ్డెక్కాం. ఆ సంగతి మీకు తెలుసు.) అన్నం విషయంలో చెల్లని సామెత పడక విషయంలో ఎలా చెల్లుతుంది?

ఇక ఆయన వేసిన ప్రశ్నకి వద్దాం. వీళ్ళ ఇళ్ళల్లో మంచాలున్నాయా? నేను తిరిగిన ఊళ్ళలో మంచమే లేని ఇల్లు అరుదు. ఎంత లేనివాళ్ళింట్లోనైనా ఓ నులక మంచమో, నవారు మంచమో ఉంటుంది. కోళ్ళు ఊగుతూ, మధ్యలో కుక్కి పడి అయినా ఉంటుంది. ఉన్న ఆ ఒక్క మంచం మీద ఎవరు పడుకుంటారన్నదే అడగాల్సిన మాట. తాత ఉంటే తాత. లేకపోతే తండ్రి. రెండోది కొంటే మగపిల్లాడికి. ఆ తర్వాత ఇంటికొచ్చిన చుట్టానికి. తల్లీ కూతుళ్ళకి చాపా, బొంతా. ఆడదానికి మంచం దక్కేది బాలింతగా ఉన్నప్పుడూ, లేవలేనంత జబ్బు చేసినప్పుడూ. ముట్టయిన పిల్లకి ఆ చాప కూడా వేరే, ఓ మూలన. మామగారి ఎదుట కోడలు మంచం మీద కూచోకూడదు. దొర వీధిలో నడిచి వస్తుంటే మాల మాదిగ వాడల్లో మగవాళ్ళు సైతం సొంత వాకిట్లో, సొంత మంచం మీంచి లేచి నిలబడాల్సి వచ్చేది. అదంతా పాతకాలపు మాటంటారు. ఆ నిలబడ్డవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు, అడిగితే చెబుతారు.

అంటే మన దగ్గర మంచం ఎప్పుడూ ఒట్టి సామాను కాదు. ఎవరు పైన, ఎవరు కింద అని చెప్పే కొలబద్ద. అలాంటి దాన్ని పిల్ల అడిగితే గొంతెమ్మ కోరికలా వినబడటంలో వింతేముంది!

మా ఇంట్లో మేం నలుగురు పిల్లలం. అన్నకీ తమ్ముడికీ చెరో మడత మంచం. నాకూ చెల్లికీ అమ్మ పక్కన జంపఖానా. వానాకాలం గచ్చు చెమ్మెక్కితే కింద గోనెసంచులు పరుచుకునేవాళ్ళం. మా నాన్న చెడ్డవాడేం కాదు, మమ్మల్ని చదివించాడు. ఇంట్లో డబ్బు లేకా కాదు. ఆడపిల్లకి మంచమెందుకన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. నా పెళ్ళి కుదరగానే మాత్రం అదే నాన్న అప్పుచేసి టేకు పట్టె మంచం చేయించాడు, దానిమీదికి పరుపు కొత్తగా కుట్టించాడు. సారెలో మంచం లేకపోతే మగపెళ్ళివారు ఏమనుకుంటారని! పంతొమ్మిదేళ్ళు నేలమీద పడుకున్న పిల్ల రాత్రికి రాత్రి మంచానికి అర్హురాలైంది. అర్హత నాది కాదు, అల్లుడిది. ఇది మా ఇంటి ఒక్కదాని కథ కాదని మీకూ తెలుసు. మంచం, పరుపు, బీరువా అని కట్నం జాబితాల్లో రాసుకునే కుటుంబాల్లో ఎన్నిట్లో ఆ పెళ్ళికూతురు పుట్టింట్లో మంచం మీద పెరిగిందో లెక్క తీయండి.

లెక్క అంటే గుర్తొచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటింటికీ వచ్చి మంచం ఉందా, పరుపు ఉందా, కుర్చీ ఉందా అని అడుగుతారు. వాటిని బట్టి ఆ కుటుంబం ఏ పాటి ఉన్నదో లేనిదో అంచనా కడతారు. ఉన్న మంచం మీద ఎవరు పడుకుంటారని మాత్రం అడగరు. ఇంట్లో మంచం ఉందని రాసుకున్నారంటే పిల్లకీ ఉన్నట్టే లెక్క!

ఇంత చెప్పాక, పిల్లని చాప మీద పడుకోబెట్టే ప్రతి తల్లీ బిడ్డకి అన్యాయం చేస్తోందని నేనంటున్నానని అనుకోకండి. ఆ మాట అనేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. 2011లో నార్వేలోని స్టావాంగర్‌లో ఒక బెంగాలీ దంపతుల ఇద్దరు పసిపిల్లల్ని అక్కడి శిశు సంక్షేమ అధికారులు తీసుకెళ్ళిపోయారు. బిడ్డకి చేత్తో అన్నం తినిపించడం, పెద్దవాళ్ళ పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా వాళ్ళ అభ్యంతరాల్లో ఉన్నాయని ఆ కుటుంబం చెప్పింది. అవి కారణాలు కావని అధికారులు అన్నారు. చివరికి 2013 జనవరిలో కలకత్తా హైకోర్టు తీర్పుతోగాని పిల్లలు తల్లి దగ్గరికి చేరలేదు. అసలు కారణాలు ఏవైనా, మన పిల్లలెక్కడ పడుకుంటారన్నది పరాయి దేశపు ఫైల్లోకి ఎక్కుతుందన్న భయం ఆ వార్తతో విదేశాల్లో కాపురాలుంటున్న మన ఆడపిల్లలకి బాగా పట్టుకుంది. తల్లి పక్కలో ఒత్తిగిలి పడుకున్న బిడ్డకి ఏదో లోటు జరిగిపోతోందనడం అహంకారం. జపాన్‌లో తరతరాలుగా ఇంటిల్లిపాదీ నేలమీదే పరుపులు పరుచుకుని పడుకుని, పొద్దున్నే మడిచి అలమరలో పెట్టేసుకునేవారు. అక్కడ నేలమీద పడుకోవడం ఎవరికీ చిన్నతనం కాదు, ఎందుకంటే ఇంటి యజమానీ అక్కడే పడుకునేవాడు. ఏడాది లోపు పసిబిడ్డకైతే ఎత్తు మంచంకన్నా, ఒళ్ళు కూరుకుపోయే మెత్తటి పరుపుకన్నా, గట్టి సమతలమైన పక్కే క్షేమమని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.

ఇండియా 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో 27వ అధికరణం ఉంది. బిడ్డ ఎదుగుదలకి తగిన జీవన పరిస్థితులు కల్పించే బాధ్యత ముందు తల్లిదండ్రులదే అంటుంది, అయితే వాళ్ళ శక్తికీ ఆర్థిక స్తోమతుకూ లోబడి అంటుంది. అది చాలని చోట తిండి, బట్ట, ఇల్లు విషయంలో ప్రభుత్వం వస్తురూపంలో సాయం చేయాలంటుంది. అంటే ఇంట్లో మంచం లేకపోతే తల్లిని నిలదీయడం కాదు, మంచం ఇవ్వడం ప్రభుత్వం పని. మన అధికారి ఈ న్యాయాన్ని సరిగ్గా తలకిందులు చేశాడు. ఇంట్లో లేదు కాబట్టి ఇక్కడా అక్కర్లేదన్నాడు. ఇంట్లో పుస్తకాలూ లేవు, మరి బడెందుకు పెట్టారు?

సరే, మర్యాదల గొడవ పక్కన పెట్టి ప్రాణాల గురించే మాట్లాడుకుందాం. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. ఎలుకల కోసం, బల్లుల కోసం, ఇతర పాముల కోసం ఇళ్ళల్లోకి వస్తుంది. నేలమీద పడుకున్న మనిషి పక్కలోకి చేరుతుంది, నిద్రలో కదిలితే కాటేస్తుంది. కోరలు చిన్నవి. చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, కాటు గుర్తు కనబడదు. పిల్ల అర్ధరాత్రి లేచి కడుపునొప్పి అంటుంది. ఏదో తిని ఉంటావులే పడుకో అంటారు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఆ తర్వాత ఊపిరి ఆడదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాళ్ళలో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్ళ లోపు పిల్లలు. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంతకీ దీనికి మొదటి రక్షణగా అందరూ చెప్పేదేమిటి? నేలమీద పడుకోకండి, ఎత్తు మీద పడుకోండి, దోమతెర కట్టి అంచులు పక్క కిందికి దోపుకోండి అని. నేపాల్ ఆగ్నేయ ప్రాంతంలో జరిగి 2007లో అచ్చయిన ఒక పరిశోధనలోనూ దోమతెర కింద పడుకున్నవాళ్ళకి పాముకాటు ముప్పు బాగా తక్కువని తేలింది. నాలుగు కోళ్ళు, ఒక తెర. ఇదేం చంద్రమండలం నుంచి తేవాల్సిన విద్య కాదు.

2022 మార్చిలో, అప్పటి విజయనగరం జిల్లా కురుపాంలో, బీసీ గురుకులంలో నిద్రపోతున్న ముగ్గురు బాలుర్ని పాము కాటేసింది. ఒకడు చనిపోయాడు. 2024 జూలై, ఆగస్టుల్లో జగిత్యాల జిల్లా పెద్దాపూర్ గురుకులంలో రెండు వారాల తేడాతో ఇద్దరు పిల్లలు పోయారు, పాముకాటేనని అనుమానించారు. ఇవి మగపిల్లల బడులు. పాముకి ఆడా మగా తేడా లేదు, ఆ పాటి సమానత్వం దానికుంది. ప్రతిసారీ జరిగేది ఒకటే. మంత్రులొస్తారు, చుట్టూ పొదలు కొట్టిస్తారు, ఎవరో ఒకర్ని సస్పెండ్ చేస్తారు. పొదలు కొట్టించడం మంచిదే, కాని అవి మళ్ళీ పెరుగుతాయి. 2024లోనే కేంద్ర ప్రభుత్వం పాముకాటు మరణాల్ని 2030 నాటికి సగానికి తగ్గిస్తామని జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే తన సొంత హాస్టళ్ళతో మొదలుపెట్టవచ్చు.

హాస్టళ్ళల్లో మంచాలు ఎందుకు ఉండవో నాకు చాలా చోట్ల తిరిగాకే బోధపడింది. డబ్బు లేదంటారు గాని, అది రెండో కారణం. చాలా చోట్ల పగలు తరగతి గదే రాత్రి పడకగది. సాయంత్రం బల్లలు గోడకి నెట్టి, ట్రంకు పెట్టెలు వరసగా పేర్చి, ఆ మధ్య నేలమీద ఒకరి కాళ్ళ దగ్గర ఒకరి తల వచ్చేలా పడుకుంటారు. పొద్దున పక్కలు చుట్టేస్తేగాని పాఠం మొదలు కాదు. ఆ గదిలో మంచాలు పడితే బడి నడవదు. అంటే పిల్లకి మంచం అడిగితే గది అడిగినట్టే. నలభై మంచాలడిగితే భవనం అడిగినట్టే. అందుకే ఆ మాట ఎత్తగానే అంత చిరాకు. 2016 నాటి బాలల న్యాయ నమూనా నియమాల్లో సంరక్షణ గృహాల కోసం ఇరవై అయిదు మందికి వెయ్యి చదరపు అడుగుల పడకహాలు ఉండాలని రాశారు. తలకి నలభై అడుగులు. మీరు చూసిన హాస్టల్ గదిని ఓసారి అడుగులేసి కొలిచి చూడండి.

ఆడపిల్లల సంగతి ఇంకా ఉంది. గజ్జి ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోవడంతో, ఒకే దుప్పటి పంచుకోవడంతో పాకుతుంది. హాస్టల్లో ఒకరికొస్తే కొన్ని వారాల్లో గదంతా గోక్కుంటుంది, పిల్లలు శుభ్రంగా ఉండరని తిట్లు మళ్ళీ వాళ్ళకే. పదకొండేళ్ళ పిల్లకి నిద్రలో ముట్టయి జంపఖానా మీద మరక పడితే, అది పక్కవాళ్ళిద్దరి పక్క కూడా. తెల్లారేసరికి గదందరికీ తెలుస్తుంది. పక్క తడిపే చిన్న పిల్ల అవస్థ చెప్పనే అక్కర్లేదు. తనదంటూ ఆరడుగుల చోటు, దాని కింద తన పెట్టె, ఎవరూ దాటుకుంటూ పోని పక్క - పిల్ల అడిగేది ఇంతే. అమ్మానాన్నల్ని వదిలి వచ్చిన పిల్లకి అది పక్క మాత్రమే కాదు, ఆ ఊళ్ళో ఆమెకున్న ఇల్లు కూడా.

మంచాలిస్తే విరగ్గొడతారని, పై మంచాల మీంచి పడతారని, నల్లులు పడతాయని అంటారు. రెండంతస్తుల మంచాలకి పైన అంచు కడ్డీ లేకుండా కొనే కాంట్రాక్టర్ని అడగండి ఆ సంగతి. ఇంకొందరు, దాతలు ముందుకొస్తే చూద్దాం అంటారు. ఫొటోలో దాత, జిల్లా పెద్దలు, పాతిక మంచాలు. ఉన్నదేమో నూట ఇరవై మంది పిల్లలు. ఆ పాతిక ఎవరికని మర్నాడు గొడవ. హక్కుగా రావాల్సింది దయగా వస్తే ఇలాగే ఉంటుంది. 1971లో సర్వేల్‌లో గురుకులం తెరిచిన రాష్ట్రం మనది. 2004 నుంచి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు నడుస్తున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా పడకని దాతలకి వదిలేయడం ఏమిటి? వార్డెన్ గదిలో మంచం ఉంది. రాత్రి బస చేసే ఇన్‌స్పెక్షన్ అధికారికి గెస్ట్‌హౌస్‌లో మంచం ఉంది. వాటికి ఏ దాతా రాలేదే!

ఇంట్లో చేయాల్సింది మనమే చేసుకోవాలి, దానికి ప్రభుత్వం రానక్కర్లేదు. రెండో మంచం కొనే స్తోమత వచ్చినప్పుడు అది ఎవరికి వేస్తున్నామో చూసుకుంటే చాలు. ఒక్కటే ఉంటే పిల్లలు వంతులు వేసుకోవచ్చు, వానాకాలం అందులో చిన్నవాళ్ళకి ముందు.

హాస్టళ్ళ విషయంలో మాత్రం మన సంఘాలు కదలాలి. పగలు పోతే ఏమీ తెలియదు, అనుమతి తీసుకుని రాత్రి తొమ్మిది దాటాక వెళ్ళండి. ఎంతమంది పిల్లలు, ఎన్ని మంచాలు, ఎన్ని దోమతెరలు, తలుపు కింద సందెంత, దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో పాము విషానికి విరుగుడు మందు ఉంది, రాత్రిపూట అక్కడికి తీసుకెళ్ళడానికి బండి ఏది - ఇవి రాసుకోండి. పిల్లల పేర్లు రాయొద్దు. వార్డెన్‌ని తిట్టొద్దు, చాలా చోట్ల ఆమే మనకి నిజాలు చెబుతుంది. వానలు మొదలయ్యేలోగా ఆ వివరాలు మాకు పంపండి. జిల్లాలవారీగా వచ్చే సంచికలో వేస్తాం, ఒక ప్రతి కలెక్టరుకీ పంపుతాం.