మిగిలిన అన్నం, పాత కంప్యూటర్

ఊళ్లో పండుగ మర్నాడు మిగిలిన అన్నం మన గిన్నెల్లో పడేది. పెట్టినవాడు దాన్ని దయ అన్నాడు. నగరంలో ఆ అన్నం స్థానంలోకి ఇప్పుడు పాత కంప్యూటర్ వచ్చింది.

ఉప్పల్‌లో అద్దాల ఆఫీసులు లేచాయి. పక్కనే నాచారం పారిశ్రామికవాడ చుట్టూ మన బస్తీలు అలాగే ఉన్నాయి. అక్కడి ఒక యువజన సంఘం పిలిస్తే మా విద్యార్థులతో వెళ్లాను. ఒక కంపెనీ ఎనిమిది కంప్యూటర్లు ఇచ్చి, బ్యానర్ కట్టి, ఫొటోలు దిగి పోయింది. విప్పి చూస్తే ఆరింటిలో హార్డ్ డిస్కులే లేవు. తమ డేటా బయటికి పోకూడదని తీసుకున్నారట. సరే, తీసుకోవచ్చు. వాటి స్థానంలో వేరేవి పెట్టాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. మిగతా రెండింటికీ పాస్‌వర్డ్ తాళం.

"పుణ్యానికి పుట్టెడు కొలిస్తే పిచ్చకుంచమన్నట్టుంది మీ వరస" అన్నారొకరు. సామెత కూడా కొలిచేవాడిదే. ఆ వడ్లు పండించినవాడిది కాదు.

అసలు ఇది పుణ్యం కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పెద్ద సంస్థలు తమ ఎలక్ట్రానిక్ చెత్తను రిజిస్టరైన రీసైక్లర్ లాంటివాళ్లకే అప్పజెప్పాలి. పనికిరాని పెట్టెలను బస్తీకి తోలితే చెత్త బాధ తప్పుతుంది, పేరూ వస్తుంది. ఇందులో దాత ఎవరు? వాళ్ల చెత్త మోస్తున్న మనమే.

2017-18 జాతీయ నమూనా సర్వేలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు దేశంలోని పట్టణాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతం. లేని ఇళ్లు ఎవరివో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఏది ఇచ్చినా తీసుకోమంటారు. అందుకే ఏది పడితే అది తీసుకోకూడదంటాను.

పాత యంత్రం వద్దనడం లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగింది. విండోస్ 11 ఎక్కకపోయినంత మాత్రాన ఆ యంత్రం చెడిపోయినట్టు కాదు. ఒక ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేసి లైనక్స్ ఎక్కిస్తే దరఖాస్తులకూ, కోడింగ్‌కూ, థీసిస్‌కూ సరిపోతుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ కార్యకర్తలు లైనక్స్‌ను ఎప్పుడో తెలుగులోకి తెచ్చారు. బెంగళూరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు బస్తీ పిల్లల కోసం అంబేద్కర్ పేరుతోనే కంప్యూటర్ సెంటర్ నడిపారు.

కాబట్టి సంఘాల మిత్రులారా! సంతకం పెట్టే ముందు ప్రతి యంత్రం ఆన్ చేసి చూడండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మన చేతికి రావాలి. ఏడాదిపాటు రిపేరు వాళ్లదేనని కాగితం మీద రాయించండి. తెలుగు కీబోర్డ్ పెట్టించండి. కాదంటే బ్యానర్‌తో సహా తిప్పి పంపండి.

మిగిలింది మనకొద్దు. మనకు రావలసింది రావాలి.

జై భీమ్.