పాత బరువుకు బిగించిన మరలు

శ్రీకాకుళం పట్టణం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంలో నాలుగు పుటలున్నాయి. మూడున్నర పుటల నిండా కుమారుని ఆరోగ్యం కుదుటపడినందుకు కృతజ్ఞత, చివరి అర పుటలో భయం. ఆ అర పుట మరికొన్ని కుటుంబాలకూ పనికివస్తుందనిపించి, ఆమె అనుమతితో ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

కుమారుడు కెనడాలో ఉద్యోగి. వెళ్లిన తొలి సంవత్సరాలలో తోటివారితో కలిసి స్కీయింగ్ నేర్చుకున్నాడు. కాళ్లకు రెండు పొడవాటి పలకలు తగిలించుకొని, చేతుల్లో రెండు కర్రలతో మంచు వాలుపై జారే ఆట అది. మన దేశంలో కశ్మీరులోని గుల్మార్గ్ దానికి పేరుపొందిన చోటు. 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పాల్గొన్న ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఆ ప్రాంతంవాడే. ఇక మన అబ్బాయి సంగతి. ఏళ్లు గడిచేకొద్దీ బరువు పెరిగి 136 కిలోలకు చేరింది. మధుమేహం వచ్చింది, రక్తపోటు వచ్చింది, నిద్రలో శ్వాస ఆగి ఉలిక్కిపడి లేవడం మొదలైంది. మోకాళ్లు వంగక నమాజు కుర్చీపైకి మారింది. చివరకు బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఏడాదిన్నర గడిచింది. ఇప్పుడు 84 కిలోలు. కుర్చీ వదిలి నేలపై సజ్దా చేయగలిగిన రోజున ఫోనులో తల్లీకొడుకులిద్దరూ ఏడ్చారట.

ఈ శీతకాలం పిల్లలను వెంటబెట్టుకొని మళ్లీ ఆ కొండకు వెళ్తానంటున్నాడు. "కడుపు కోయించుకున్న బిడ్డ మంచులో జారుతానంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది? మీరు వద్దని రాస్తే వాడు వింటాడు" అన్నది ఆమె అభ్యర్థన.

వద్దని రాయలేను. అలాగని ఆమె భయాన్ని తోసిపుచ్చనూ లేను. భయం ఉండదగినదే. కాకపోతే ఆమె వేలు చూపుతున్న చోట ప్రమాదం లేదు, అది మరోచోట ఉంది.

ముందు కడుపు సంగతి. ఈ శస్త్రచికిత్సలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. బైపాస్ పద్ధతిలో పైభాగాన చిన్న సంచిని మాత్రమే వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. రెండూ పొట్టపై చిన్న రంధ్రాల గుండా చేసేవే. తొలి వారాలలో బరువులెత్తవద్దంటారు. ఏడాదిన్నర గడిచాక, వైద్యులు పరీక్షించి సరేనన్నాక, లోపలి కుట్లు మంచులో పడితే విడిపోతాయన్న భయం అక్కర్లేదు. మన తెలుగు కుటుంబాలలో ఈ భయం వేళ్లూనడానికి ఒక కారణం నాకు తోస్తుంది. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగివేయడం. జీర్ణాశయానికి చేసే శస్త్రచికిత్సకూ దానికీ సంబంధం లేదు. కానీ "లావు తగ్గే ఆపరేషన్" అన్న ఒకే మాట కింద రెండూ మన ఇళ్లలో కలిసిపోయాయి.

ఇక అసలు ప్రమాదం. స్కీయింగ్‌లో బూటును పలకకు పట్టి ఉంచే ఒక బిగింపు ఉంటుంది, దాన్ని బైండింగ్ అంటారు. మనిషి నిలిచి ఉన్నంతసేపూ అది గట్టిగా పట్టుకోవాలి. పడినప్పుడు మాత్రం టక్కున వదిలేయాలి. వదలకపోతే పొడవాటి పలక కాలిని మెలితిప్పుతుంది, మోకాటి లోపలి బంధనాలు తెగుతాయి, కొన్నిసార్లు పిక్క ఎముకే విరుగుతుంది. ఎంత బలం తగిలితే వదలాలన్నది ఒక మర బిగించి నిర్ణయిస్తారు. అందుకు వారు అడిగేవి మనిషి బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగు పొడవు, ఆటలో అతని నేర్పు. ఇప్పుడు ఆలోచించండి. ఆ అబ్బాయి పాత స్కీలు ఇంటి నేలమాళిగలో భద్రంగా ఉన్నాయట. వాటి మరలు అతడు 110 కిలోల పైన ఉన్నప్పుడు బిగించినవి. నేటి 84 కిలోల మనిషి పడితే అవి సమయానికి వదలకపోవచ్చు. తల్లి కడుపు గురించి కలవరపడుతోంది. నేనైతే ఆ మరల గురించి కలవరపడతాను. కొండ ఎక్కకముందే వాటిని దుకాణానికి తీసుకుపోయి కొత్త కొలతలతో సరిచేయించాలి. పిక్కలు సన్నబడి ఉంటాయి గనుక పాత బూట్లు వదులవుతాయి, అవీ మార్చాలి. దుకాణంలో బరువు అడుగుతారు. ఏళ్ల తరబడి ఆ ప్రశ్నకు సిగ్గుపడి నాలుగు కిలోలు తగ్గించి చెప్పే అలవాటున్నవారు అక్కడ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఈ మరల మాట స్కీలతో ఆగదు. పాత బరువుకు బిగించినవి ఇంకా ఎన్నో ఉంటాయి. 136 కిలోల మనిషికి రాసిన రక్తపోటు మాత్ర 84 కిలోల మనిషికి కళ్లు తిరిగేలా చేయవచ్చు. మధుమేహానికి పాత మోతాదు అలాగే కొనసాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నిద్రలో శ్వాస కోసం వాడే యంత్రపు గాలి ఒత్తిడి కూడా పాత బరువుకు అమర్చినదే. వీటన్నిటినీ వైద్యుడు తిరిగి చూడాలి.

మంచి మాట కూడా చెప్పుకోవాలి. మోకాళ్ల కీళ్లవాతం ఉన్న స్థూలకాయులలో, తగ్గిన ఒక్కో కిలోకు ప్రతి అడుగునా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఈ లెక్కన 52 కిలోలు తగ్గిన మనిషి మోకాలికి అడుగడుగునా ఎంత ఊరటో! ఆటకు వెళ్లాలన్న కోరిక పుట్టడమే ఆ ఊరటకు గుర్తు. దాన్ని అణచమని నేనెందుకు చెప్పాలి?

అయితే తగ్గినదంతా కొవ్వు కాదు. త్వరగా బరువు దిగేటప్పుడు కండ కూడా కొంత కరుగుతుంది, ఎముకల గట్టిదనమూ తగ్గుతుంది. ముఖ్యంగా బైపాస్ చేయించుకున్నవారిలో. తేలికైనవాడు బలవంతుడయ్యాడని మనం పొరబడతాం. ఈ సంగతి మన జిల్లాకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు కథలు విని పెరిగిన నేల ఇది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 69 కిలోల తరగతిలో, మొత్తం 240 కిలోలు ఎత్తి. ఆమె కండరాలకు పట్టిన ప్రశ్న కాటా ముల్లు ఎటు కదిలిందన్నది కాదు, ఆ దేహం ఎంత ఎత్తగలదన్నది. మన అబ్బాయీ కాటాను కాసేపు పక్కనపెట్టి తొడలను పరీక్షించుకోవాలి. మంచు వాలుపై పొద్దంతా మోకాళ్లు వంచి నిలబడేవి ఆ తొడలే. ఇంట్లోనే ఒక కొలత ఉంది: సజ్దా నుంచి చేయి ఊనకుండా లేవగలుగుతున్నాడా? కుర్చీలోంచి చేతులు కట్టుకొని పదిసార్లు లేచి కూర్చోగలడా? వరుసగా మెట్లు దిగగలడా? ఎక్కడం కాదు, దిగడం. సెలవుల్లో ఊరికి వస్తే శాలిహుండం కొండ ఎక్కించి దింపండి. పైన బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడి వంశధారను చూస్తే మనసుకూ మంచిదే. దిగేటప్పుడు తొడలు వణికితే ఇంకా రెండు మూడు నెలల కసరత్తు మిగిలి ఉందన్నమాట.

కండకు మాంసకృత్తులు కావాలి. ఈ శస్త్రచికిత్స తరువాత రోజుకు కనీసం 60 నుంచి 80 గ్రాముల వరకు తీసుకోమంటారు. పిడికెడు పట్టే కడుపుతో అది తేలిక కాదు. అందువల్ల అన్నం కంటే ముందు చేప, గుడ్డు, కోడిమాంసం, పెరుగు, ఉలవలు. మన చోడి అంబలి మంచిదే గాని దానిలో మాంసకృత్తులు స్వల్పం, దానితో కడుపు నింపకూడదు. బి12, ఇనుము, విటమిన్ డి, కాల్షియం జీవితాంతం వాడాల్సినవి. బాగున్నాను కదా అని మానేసేవారే ఎక్కువ. గొట్టపు మాత్రల పైపొర జెలటిన్‌తో చేసినదై ఉంటుందని సందేహించి మానేసేవారూ ఉన్నారు. జెలటిన్ లేని మాత్రలు దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి.

ఇంకొక చిన్న జాగ్రత్త. మోకాలికి వెలుపలి వైపున, కొంచెం దిగువన, ఒక నరం ఎముకకు ఆనుకొని పోతుంది. దానికి మెత్తలా ఉన్న కొవ్వు హఠాత్తుగా కరిగినప్పుడు, కాలిపై కాలు వేసుకొనో గొంతుక్కూర్చొనో చాలాసేపు గడిపితే ఆ నరం నలిగి పాదం పైకి లేవని స్థితి వస్తుంది. నడకలో వేళ్లు నేలకు రాసుకుంటుంటే ఆలస్యం చేయవద్దు. పాదం మొద్దుబారినా అంతే.

కొండపైన రెండు సంగతులు మరవరాదు. మొదటిది చలి. కొవ్వు ఇన్నాళ్లూ కంబళిలా కాపాడింది, ఇప్పుడు అది లేదు. పాత చలికోటు వదులై గాలిని లోపలికి రానిస్తుంది. రెండవది తిండీ నీరూ. ఒక్కసారిగా తాగలేడు గనుక ఉదయం నుంచే గుక్కెడు గుక్కెడుగా తాగుతుండాలి. చలిలో దాహం తెలియదు. తీపి పానీయాలు, మిఠాయిలు ఒక్కసారిగా తీసుకుంటే కొందరికి గుండె దడ, చెమట, నీరసం కలుగుతాయి. మరికొందరికి ఒకటి నుంచి మూడు గంటల తరువాత చక్కెర పడిపోతుంది. వాలు మధ్యలో అది జరగరాదు. మందస కోవా పంపాలనుకుంటున్నారని ఉత్తరంలో చదివాను. పంపండి, కాని అది కొండకు తీసుకుపోయే సరుకు కాదు. ఇంట్లో భోజనం తరువాత ఒక చిన్న ముక్క చాలు.

పడి దెబ్బ తగిలితే? ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బైపాస్ చేయించుకున్నవారికి లోపల పుండ్లు కలిగించి ప్రాణం మీదికి తేగలవు. స్లీవ్ వారు కూడా వైద్యుని అడగకుండా వాడరాదు. ఆటస్థలాలలో తోటివారు ప్రేమగా చేతిలో పెట్టేవి అవే. పారాసెటమాల్ చాలా సందర్భాలలో సరిపోతుంది. కాబట్టి తనకు జరిగిన శస్త్రచికిత్స సంగతి వెంట వచ్చేవారిలో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

ఇక్కడే ఆ సోదరికి ఒక మాట. శస్త్రచికిత్స విషయం బంధువులకు తెలియనివ్వలేదని, "తిండి తగ్గించాడు" అని చెప్పుకొచ్చామని రాశారు. అది మీ కుటుంబ విషయం, అందరికీ చాటనక్కర్లేదు. కాని విందులో అతని పళ్లెంలో బిర్యానీ గుట్టగా పోసి, "ఇంతేనా, మా వంట నచ్చలేదా" అని నలుగురూ బలవంతపెడుతుంటే అతడు వాంతి చేసుకోవడమో, అబద్ధం చెప్పడమో తప్ప దారి లేదు. మాటిమాటికీ వాంతులైతే బి1 విటమిన్ కొరవడి నరాలు దెబ్బతింటాయి. కనీసం వండి వడ్డించే ఇంటివారికైనా చెప్పి ఉంచండి. స్థూలకాయం బద్ధకానికి శిక్ష కాదు, శస్త్రచికిత్స దొంగదారి కాదు. దాచవలసిన తప్పేమీ ఇందులో జరగలేదు.

మొదటి రోజు పాత ప్రతాపం చూపకుండా, పిల్లలతో పాటు తానూ శిక్షకుని దగ్గర ఒక పూట చిన్న వాలుపై నేర్చుకోవాలి. శరీర బరువు నిలిచే చోటు మారింది. పాదాలకు అది కొత్త పాఠమే. మధ్యాహ్నం కాళ్లు అలసేలోగా ఆపాలి. "ఇంకొక్కసారి" అంటూ అలసిన కాళ్లతో దిగినప్పుడే ఎక్కువ దెబ్బలు తగులుతాయి.

చివరి సందేహం రంజాన్ గురించి. ఈ కొన్నేళ్లు ఉపవాసాలు చలికాలంలోనే వస్తున్నాయి గనుక ఆట, రోజా ఒకే నెలలో కలుస్తున్నాయి. శస్త్రచికిత్స తరువాత తొలి నెలల్లో ఉపవాసం వద్దంటారు. ఆ తరువాత మనిషిని బట్టి వైద్యుడే చెప్పాలి. రోగికి ఉపవాసాన్ని వేరే దినాలకు వాయిదా వేసుకునే సౌలభ్యం ఖుర్‌ఆన్‌లోనే ఉంది. వైద్యుడు అనుమతిస్తే రోజా ఉండవచ్చు. కాని రోజా ఉన్న దినాన కొండకు వెళ్లకూడదు. గుక్కెడు గుక్కెడుగా తాగవలసిన మనిషి నీరు లేకుండా వాలుపై పొద్దంతా గడపలేడు. ఇఫ్తార్ తరువాత నడక చాలు. కెనడా పశ్చిమ పర్వతాలపై షవ్వాల్ నెలలో కూడా మంచు ఉంటుంది.