తెరచాప నీడన ఏడు రోజులు



కిందటి నెల మనం ఇసుక ఎడారిలో నడిచి నడిచి అలసిపోయాం గదా? ఈ నెల హాయిగా పడవ ఎక్కుదాం. మీ అట్లాసులో ఐరోపా పటం తీయండి. ఇటలీ దేశం బూటు తొడిగిన కాలులాగా మధ్యధరా సముద్రంలోకి దిగి ఉంటుంది. ఆ కాలికి తూర్పున ఉన్న పొడవాటి పాయ పేరు ఏడ్రియాటిక్ సముద్రం. దాని అవతలి ఒడ్డు క్రొయేషియా దేశం. ఆ ఒడ్డు పొడవునా ఎవరో గుప్పెడు అటుకులు చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. అవన్నీ ద్వీపాలే. ఒట్టి రాతిగుట్టలతో సహా లెక్కిస్తే వెయ్యికి పైమాటే. మనుషులు కాపురముండేవి మాత్రం సుమారు యాభై.

పటాన్ని ఇంకొకసారి చూడండి. ఈ ద్వీపాలు చాలావరకు ఒడ్డుకు సమాంతరంగా, వరుసలుగా పడుకొని ఉన్నాయి. ఎందుకు? అవి ఒకప్పుడు కొండల వరుసలు. దాదాపు 20,000 ఏళ్ల కిందట భూమి మీద మంచు విపరీతంగా పేరుకొని ఉండేది. నీరంతా మంచులో చిక్కుకోవడం వల్ల సముద్రమట్టం ఇప్పటికంటె 100 మీటర్లకు పైగా కిందికి ఉండేది. మంచు కరిగింది, సముద్రం పెరిగింది, లోయలు మునిగాయి, కొండల నడుములు పైన మిగిలాయి. మన పాపికొండల మధ్య లోయలన్నీ నీటితో నిండిపోయాయనుకోండి. శిఖరాలు ద్వీపాలు కావూ? అచ్చంగా అంతే.

ఈ తీరంలో స్ప్లిట్ అనే పట్టణం ఉన్నది. అక్కడి రేవులలో యాట్లు, అంటే విహారానికి కట్టిన తెరచాప పడవలు, వారం లెక్కన అద్దెకు ఇస్తారు. శనివారం ఎక్కితే మళ్లీ శనివారం దిగాలి. నడిపే పెద్దలకు తగిన పరీక్ష ప్యాసైన పత్రం ఉండాలి. లేదా అక్కడి నావికుణ్ణి కుదుర్చుకోవాలి. వారం రోజులలో పదిహేను ద్వీపాలు చూసి వచ్చామని చెప్పుకునేవారు ఉంటారు. అది చూడడం కాదు, లెక్కపెట్టడం. మనం ఐదారు చూద్దాం.

పడవ ఎక్కేముందు స్ప్లిట్‌లో ఒక గంట ఆగుదాం. రోమను చక్రవర్తి డయొక్లీషియన్ 305వ సంవత్సరంలో తనంతట తానే సింహాసనం దిగి, ఇక్కడ కట్టించుకున్న మహాసౌధానికి వచ్చేశాడు. మళ్లీ వచ్చి ఏలుకోమని అడిగితే, నా చేతులతో నాటిన క్యాబేజీలను మీరు చూస్తే ఆ మాట అనరు అన్నాడట. ఉద్యోగం విరమించి పెరట్లో వంగ మొక్కలు పెంచుకుంటున్న నాబోటివాడికి ఈ కథ నచ్చడంలో వింత లేదు. ఆ సౌధం గోడల లోపల ఈనాటికీ జనం కాపురాలు చేస్తున్నారు, దుకాణాలు నడుపుతున్నారు.

సౌధానికి వాడిన తెల్లరాయి ఎదుటనున్న బ్రాచ్ ద్వీపం నుంచి వచ్చింది. ఆ ద్వీపంలో పూచిష్చా అనే ఊళ్లో రాతిపని నేర్పే బడి ఉన్నది. పిల్లలు పలక పట్టినంత శ్రద్ధగా ఉలీ సుత్తీ పట్టి రాయి చెక్కుతారు. ఆ పక్కనున్న హ్వార్ ద్వీపానికి క్రీస్తుపూర్వం 384లో గ్రీకులు వచ్చి, మైదానాన్ని రాతిగట్లతో కొలిచినట్టు పొలాలుగా పంచుకున్నారు. ఆ గట్ల మధ్య ఇప్పటికీ ద్రాక్ష, ఆలివు పండుతున్నాయి. మన ఊళ్లల్లో గట్టు జరిపాడని ఏటా ఎన్ని తగవులో! అక్కడ ఆ విభజన 24 శతాబ్దాలు నిలిచింది.

వీస్ ద్వీపం ఒడ్డుకు చాలా దూరంగా, నడిసముద్రంలో ఉన్నది. అది సైనిక స్థావరం కావడం వల్ల 1989 దాకా విదేశీయులను రానివ్వలేదు. దాని పక్కనే బీషెవో అనే బుల్లి ద్వీపంలో ఒక గుహ. పడవలో తల వంచుకొని లోపలికి పోవాలి. మధ్యాహ్నానికి కొంచెం ముందు పోతే గుహ మొత్తం నీలికాంతితో వెలుగుతూ ఉంటుంది. దీపం లేదు, మాయ లేదు. నీటి అడుగున గోడకు ఇంకొక కన్నం ఉన్నది. ఎండ అందులోంచి నీళ్లలో దూరి వస్తుంది. నీరు ఎరుపు కాంతిని తొందరగా మింగివేస్తుంది, నీలాన్ని పోనిస్తుంది. ఆ నీలం తెల్లని అడుగుకు తగిలి పైకి లేస్తుంది. సముద్రం పొంగుమీద ఉన్ననాడు పడవలను లోపలికి పంపరు. అలిగి ప్రయోజనం లేదు.

తరువాతది కోర్చులా. 1298లో ఈ ద్వీపం దగ్గర వెనిసు నౌకలను జెనోవావారు ఓడించారు. మార్కోపోలో ఈ ద్వీపంలోనే పుట్టాడని ఇక్కడివారు ఒక ఇల్లు చూపిస్తారు. దానికి గట్టి ఆధారం లేదు. ఆయన జెనోవా చెరసాలలో ఉండగా తన యాత్రలు చెప్పి రాయించాడన్నది మాత్రం ప్రసిద్ధం. ఆ పుస్తకంలో 'ముత్‌ఫిలి' అనే రాజ్యం వస్తుంది. ఏదనుకున్నారు? మన మోటుపల్లి! ఇప్పటి బాపట్ల జిల్లాలోని పాత ఓడరేవు. అక్కడ ఒక రాణి న్యాయంగా ఏలుతున్నదనీ, సాలెగూడు వంటి సన్నని బట్టలు నేస్తారనీ, పాములున్న లోయలలోకి మాంసపు ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలతో సహా గద్దలు ఎత్తుకొస్తాయనీ రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి. ఆమెను రాజుగారి భార్య అన్నాడు. నిజానికి ఆమె గణపతిదేవుని కుమార్తె. గద్దల సంగతి మీరే ఆలోచించుకోండి. బట్టల సంగతి నమ్మవచ్చు.

ఇక మ్లేత్. అడవితో కప్పిన పచ్చని ద్వీపం. అక్కడ కొమ్ములాంటి ముక్కున్న విషసర్పాలు మెండుగా ఉండేవి. 1910లో వాటి పీడ వదిలించాలని ముంగిసలను తెచ్చి వదిలారు. మన దేశంలో తిరిగే చిన్న ముంగిస జాతే. కొద్ది ఏళ్లలో పాములు బాగా తగ్గిపోయాయి. అందరూ సంతోషించారు. కాని ముంగిసకు ఆకలి తగ్గలేదు గదా! నేలమీది పక్షుల గుడ్లు, బల్లులు, ఊళ్లోని కోళ్లు ఏవీ మిగల్చలేదు. ఎలుకల బాధా పోలేదు. ఎలుక రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది. తరువాత మరి కొన్ని ద్వీపాలకూ అవి చేరాయి. 2016లో ఐరోపా సమాఖ్య తన దేశాలలో పెంచకూడని, వదలకూడని పరాయి ప్రాణుల జాబితా వేస్తే, మొదటి జాబితాలోనే ఈ ముంగిస ఎక్కింది. బిడ్డను కాపాడిన ముంగిసను తొందరపడి చంపుకున్న తల్లి కథ మీకు తెలుసు. ఇక్కడ కూడా ముంగిస చేసిన నేరమేమిటో నాకు కనబడదు.

పడవవాళ్లు చేసే చేటు ఒకటుంది, అది నీళ్లకింద కనుక కనిపించదు. ఈ సముద్రం అడుగున ఒక పచ్చిక పెరుగుతుంది. పేరు పొసిడోనియా. నాచు కాదు, వేళ్లూ పూలూ ఉన్న నిజమైన మొక్క. చేపపిల్లలకు అదే ఊయల, అదే అన్నం. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది. లంగరు దాని మీద వేసి లాగితే పెళ్లలు పెళ్లలుగా లేచివస్తుంది. మళ్లీ పూడడానికి ఎన్నో ఏళ్లు కావాలి. తెలిసిన నావికుడు పైనుంచే చూసి చెబుతాడు: నీరు ముదురు రంగులో ఉంటే పచ్చిక, లేతగా మెరిస్తే ఇసుక. లంగరు ఇసుకలోనే పడాలి.

ఇప్పుడు తిరుగు ప్రయాణం, అసలు చిక్కు. వేసవి మధ్యాహ్నాలలో ఇక్కడ వాయవ్యం నుంచి చక్కని గాలి వీస్తుంది. దాన్ని మాయెస్త్రాల్ అంటారు. (చలికాలంలో కొండల మీదినుంచి విరుచుకుపడే బూరా అనే గాలి వేరు. పేరు మన తిరునాళ్ల బూరలా ఉన్నా, గంటకు 200 కిలోమీటర్లు దాటిన రోజులున్నాయి!) మ్లేత్ నుంచి స్ప్లిట్ కూడా వాయవ్యానే. అంటే గాలి సరిగ్గా ముఖానికే కొడుతున్నది. ఇంజను వేసుకోవచ్చు. కాని తెరచాపతోనే పోవచ్చు కూడా. ఎలాగ? గాలికి ఎదురుగా కాక, ఏటవాలుగా పోవాలి. తడి సీతాఫలం గింజను రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి, తుర్రుమని ముందుకు దూకుతుంది. పడవకు ఒక వేలు తెరచాప మీది గాలి. రెండో వేలు నీరు. పడవ అడుగున నిలువుగా దిగిన బరువైన రెక్క ఉంటుంది. అది పక్కకు జరగబోతే నీరు అడ్డుకుంటుంది. రెంటి నడుమ పడవ ముందుకు దూకుతుంది. కాసేపు ఎడమకు, కాసేపు కుడికి, తిరుమల ఘాటు రోడ్డులో బస్సు మలుపులు తిరిగినట్టు పోతుంది.

దారి ఎంత పెరుగుతుందో మీరే కనుక్కోండి. గమ్యం సూటిగా 20 సముద్రపు మైళ్లు. (సముద్రపు మైలు అంటే 1,852 మీటర్లు.) పడవ గాలికి 45 డిగ్రీల ఏటవాలుగా, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతుంది. కాగితం మీద 10 సెంటీమీటర్ల కర్ణం ఉన్న చతురస్రం గీసి, రెండు భుజాలు కొలవండి. తరువాత గంటకు 5 సముద్రపు మైళ్ల వేగంతో ఎంతసేపు పడుతుందో లెక్క కట్టండి. జవాబులు వచ్చే నెల.