చేనిగట్టు కవలలు

పిల్లలూ! వానలు పడ్డాక వరిచేల గట్లమీద గోధుమరంగు చిన్న సీతాకోకచిలుకలు చివ్వున వచ్చి, పువ్వుమీద వాలి, అంతలోనే మాయమవుతాయి. వీటిని ఇంగ్లీషులో 'స్కిప్పర్లు' అంటారు. బొద్దు ఒళ్ళు, పెద్ద కళ్ళు, కొక్కెంలా వంగిన మీసాల కొనలు వీటి గుర్తులు.

వీటిలో రైస్ స్విఫ్ట్, స్మాల్ బ్రాండెడ్ స్విఫ్ట్ అని రెండున్నాయి. రెంటికీ ఇంచుమించు ఒకే రంగు, ఒకే తెల్లచుక్కలు. రెంటి గొంగళిపురుగులూ వరి ఆకు తినేవే. మరి తేడా ఎక్కడుంది? ముందురెక్క పైవైపు చూడండి. స్మాల్ బ్రాండెడ్ స్విఫ్ట్ మగదానికి అక్కడ వాలుగా సన్నని బూడిదరంగు గీత ఉంటుంది. రైస్ స్విఫ్ట్‌కు ఉండదు.

అయితే తొందరపడకండి! ఆ గీత ఆడవాటికి ఉండదు. రెక్కలు ముడిస్తే మగదానిదీ కనబడదు. కనుక గీత లేదని వెంటనే రైస్ స్విఫ్ట్ అనరాదు.

చేత్తో పట్టుకోవద్దు, రెక్కలమీది పొలుసులు రాలిపోతాయి. ఫోటో తీయగలిగితే మంచిది. చోటు, తేదీ, చూచిన గుర్తులు వ్రాసుకోండి. పేరు తేలకపోతే 'స్విఫ్ట్, ఏదో తెలియదు' అని వ్రాయండి. పరీక్షలో ఖాళీ వదిలితే మార్కులు పోతాయి గాని, ఈ పుస్తకంలో తప్పు పేరుకంటె ఖాళీయే మేలు.