రత్నకలశమా? మృత్కలశమా?

గత శ్రావణమాసమున మా మైలవరము సమీపగ్రామమునుండి దంపతులిద్దరు ఆలయమునకు వచ్చిరి. గృహిణి కొంగుముడి విప్పి, దూదిలో పొదిగిన చిన్న కలశమును నా చేతిలో నుంచినది. బొటనవ్రేలి పరిమాణము, పచ్చరాతిని తొలిచి, కంఠమున లతలు చెక్కిన సుందరవస్తువు.

"సామీ, ఇది మరకతమంట. దేవునిగూట్లో పెడితే అప్పులు తీరతాయన్నారు. మీరు ప్రాణప్రతిష్ఠ చేయాల" అని ఆమె అడిగినది. దానిని కొనుటకు మరల అప్పు చేసితిమని భర్త తల వంచుకొని చెప్పినాడు.

ఆస్తికులారా, ఈ విషయమున మౌనము తగదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కలశమనగా ఏమి? పాత్రను కడిగి, దారము చుట్టి, శుద్ధజలము నింపి, పల్లవములు, కూర్చ, నారికేళము నుంచి, వరుణుని ఆవాహన చేయుదుము. పూజానంతరము ఉద్వాసన చెప్పి, ఆ జలముతో అందరిని ప్రోక్షింతుము. పిమ్మట ఆ చెంబు వంటింటికే పోవును. దేవత పాత్రలో బంధింపబడి యుండదు. ఆవాహన, జలము, సంకల్పము లేని కలశము అలంకారమే. ఉద్ధరిణెడు నీరైన పట్టని పాత్ర పూజాకలశమెట్లగును?

శిలాపూజ లేదా అని ప్రశ్నింపవచ్చును. కలదు. పంచాయతనమున నర్మదా బాణము, గండకీ సాలగ్రామము, శోణభద్రశిల, స్వర్ణముఖీశిల, సూర్యునికి స్ఫటికము పూజార్హములు. కాని వానిని ధనాకర్షణ యంత్రములుగా పెద్దలు చెప్పలేదు. నిత్యార్చన చేయు నియమము గలవారికే అవి చెప్పబడినవి.

మన ఆంధ్రదేశముననే రత్నపాత్రకు ఉత్తమోదాహరణ మున్నది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించినప్పుడు శిలామంజూషలలో స్ఫటికపు భరిణెలు లభించినవి. క్రీస్తుపూర్వపు బ్రాహ్మీలిపిలో నున్న ఒక శాసనము, కుర అనువాడును, అతని తల్లిదండ్రులును, మరొకరును బుద్ధధాతువుల నుంచుటకై మంజూషను, స్ఫటికపేటికను సిద్ధపరచిరని తెలుపుచున్నది. దర్శనభేద మట్లుంచి, ఆ దాతల భావము గమనింపుడు. స్ఫటికమును తమ ఇంట నిలుపుకొని ఫలము కోరలేదు. పూజ్యవస్తువునకు ఆశ్రయముగా సమర్పించి, కనులకు కానరాని స్తూపగర్భమున నుంచిరి. నేడు మనము రిక్తపాత్రను గూటిలో నుంచి ఐశ్వర్యమును యాచించుచున్నాము.

ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మృత్పిండ దృష్టాంతము బోధించెను. మట్టిని తెలిసినచో మట్టితో చేసినవన్నియు తెలియబడును; రూపభేదము పేరుమాత్రమే. అద్వైతులు ఘటాకాశమును చెప్పుదురు. ఘటము మట్టిదైనను మరకతమైనను లోని ఆకాశమునకు వెల హెచ్చదు, తగ్గదు. ఈ మాటను ఉపన్యాసములలో చెప్పి, అంగడి రాతికి మహిమ నంటగట్టుట అర్చకులకు ధర్మమా?

ఇందు నా దోషమును దాచను. పూర్వము ఇట్టి వస్తువులను తెచ్చినవారిని నొప్పింపలేక, అక్షతలు చల్లి, దక్షిణ గ్రహించి పంపినాను. నా అక్షతలే అమ్మువాని మాటకు సాక్ష్యమైనవి. ఆ పురుషుని వంచిన తల చూచినప్పుడు అది నాకు తెలిసినది.

ప్రతిష్ఠ చేయలేదు. ఆ రాయి నిజముగా మరకతమో కాదో నేను చెప్పజాలను. అది రత్నపరీక్షకుని పని. తీసికొన్నచోటనే తిరిగి ఇచ్చి చూడుమంటిని. శుక్రవారము ఇంటనున్న రాగిచెంబునే తెమ్మంటిని. ఆమె తెచ్చినది. పెన్న నీటితో నింపి, మామిడాకులు, టెంకాయ నుంచి పూజ చేయించి, దక్షిణ తీసికొనలేదు. అప్పు తీరునని చెప్పలేదు. అది వారి కష్టార్జితముతో తీరవలసినదే. క్రొత్త అప్పు చేయవద్దని మాత్రము చెప్పితిని.

సహార్చకులకు నా విన్నపము: ఇట్టి కలశము మీ చేతికి వచ్చినప్పుడు, అక్షతలు చల్లుటకు ముందు దాని వెల ఎట్లు సమకూరినదో ఒక్కసారి అడుగుడు.