కొత్త పరికరం కొనే ముందు నాలుగు ప్రశ్నలు



ఈ రోజుల్లో ఏ పేపరు తెరిచినా వైద్యానికి సంబంధించిన కొత్త పరికరం కబురు ఒకటి కనిపిస్తోంది. సూది గుచ్చకుండా షుగరు చెప్పే గడియారం, ఫోటో తీస్తే జబ్బు చెప్పే ఫోను, వేలికి తొడిగే ఉంగరంలోనే గుండె పరీక్ష. వీటిని తయారు చేస్తున్నవారిలో చాలామంది చిన్న వయసువారు. వారి తెలివిని, పట్టుదలను మెచ్చుకోవలసిందే. అయితే ఆ పరికరం చూపే అంకెను నమ్మి మందు వేసుకునేది, లేక మానేసేది రోగి. అంకె తప్పయితే నష్టం కూడా రోగికే. అందుచేత కొత్త పరికరాలను ఎంతవరకు నమ్మవచ్చు అనే విషయంలో నా అభిప్రాయం ఈ సంచికలో రాస్తున్నాను.

కొత్తదనం అంటే నాకు భయమని అనుకోవద్దు. గాజు సిరంజిలను నీళ్లలో మరిగించి వాడిన కాలం చూసిన తరం మాది. ఒకసారి వాడి పారేసే సిరంజి వచ్చాక ఎంత మేలు జరిగిందో మాకు తెలుసు. మంచి పరికరం నర్సు చేతికి బలం. కాని ప్రతి కొత్తదీ మంచిదే అనుకోవడం వేరు.

మేలు చేసిన మన తెలుగు ఉదాహరణ

హెపటైటిస్ బి అనే కామెర్ల జబ్బు కాలేయాన్ని నెమ్మదిగా తినేస్తుంది. 1990ల మొదట్లో దీనికి టీకా ఉన్నా విదేశాల నుండి రావలసిందే. ఒక్కో డోసు వందల రూపాయలు. మూడు డోసులు కావాలి. కూలి చేసుకునే కుటుంబం ఆ మాట వినగానే లేచి వెళ్లిపోయేది.

ఆ సమయంలో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో హైదరాబాదులో తన తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. టీకాల అనుభవం లేదు. సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థల సాయంతో పనిచేసి 1997లో షాన్‌వాక్-బి టీకాను విడుదల చేశారు. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి టీకా అది. ధర సుమారు 50 రూపాయలు. తరువాత ఇతర కంపెనీలూ ధర తగ్గించక తప్పలేదు. ఈనాడు మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకు 24 గంటల లోపు హెపటైటిస్ బి టీకా వేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఈ దారి వేసినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడని మనం సంతోషించాలి.

ఈ కథలో ఇంకొక భాగం కూడా చెప్పుకోవాలి. అదే సంస్థ తయారు చేసిన ఐదు వ్యాధుల టీకా సీసాలలో తెల్లని మడ్డి అంటుకుంటోందని తేలినప్పుడు 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని తన ఆమోద జాబితా నుండి తీసివేసింది. లోపం సరిచేసిన తరువాత 2014లో మళ్లీ ఆమోదించింది. మంచి పేరున్న సంస్థ అయినా బయటివారి తనిఖీకి లోబడి ఉంది. లోపం దొరికితే సరుకు ఆగింది. మనం టీకాను నమ్మేది కంపెనీ పేరు చూసి కాదు, ఇటువంటి తనిఖీ ఉంది కాబట్టి.

తనిఖీ లేకపోతే ఏమవుతుంది?

అమెరికాలో ఎలిజబెత్ హోమ్స్ అనే యువతి 19 ఏళ్ల వయసులో, 2003లో, చదువు మధ్యలో ఆపి థెరానోస్ అనే కంపెనీ పెట్టింది. వేలి నుండి తీసిన కొద్ది చుక్కల రక్తంతో ఎన్నో పరీక్షలు చేస్తామని చెప్పింది. పెద్ద పెద్దవారు డబ్బు పెట్టారు. 2014 నాటికి కంపెనీ విలువ 900 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. కాని ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో బయటి శాస్త్రజ్ఞులకు చూపించలేదు.

రక్తం తీసే ఏ నర్సుకైనా ఇక్కడ ఒక సందేహం రావాలి. వేలు గట్టిగా పిండితే రక్తంతో పాటు కండలోని నీరు కూడా కలుస్తుంది. రక్తకణాలు పగిలితే పొటాషియం ఎక్కువగా కనిపిస్తుంది. షుగరు వంటి ఒకటి రెండు పరీక్షలకు వేలి చుక్క సరిపోతుంది గాని, అన్ని పరీక్షలకూ నరం నుండి తీసిన రక్తంతో సమానం కాదు. చివరికి అదే బయటపడింది. వారి సొంత యంత్రం కొద్ది పరీక్షలే చేసేదని, మిగతావి మామూలు ల్యాబ్ యంత్రాల మీదే చేస్తున్నారని 2015లో పత్రికలో వచ్చింది. తమ యంత్రం ఇచ్చిన రెండేళ్ల ఫలితాలను 2016లో ఆ కంపెనీయే రద్దు చేసుకుంది. 2018లో మూతపడింది. పెట్టుబడిదారులను మోసగించిన నేరం 2022 జనవరిలో రుజువై, అదే ఏడాది నవంబరులో హోమ్స్‌కు 11 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

ఈ విషయం బయటికి రావడానికి కారకులైనవారిలో ఆ ల్యాబ్‌లో పనిచేసిన ఇద్దరు చిన్న ఉద్యోగులు ఉన్నారు. ఎరికా చుంగ్, టైలర్ షుల్ట్జ్. ఫలితాలు కలవడం లేదని వారు చెప్పినప్పుడు పైవారు వినలేదు. పెద్ద పదవి ఉన్నవారికంటే పని చేసే చేతులకే ముందుగా తప్పు తెలుస్తుంది. ఏ ఆసుపత్రి అయినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి

విదేశాల్లో ఉన్న పిల్లలు ప్రేమతో అమ్మానాన్నలకు చేతి గడియారాలు పంపుతున్నారు. కొందరు ఇక్కడే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. నడిచిన అడుగులు, గుండె వేగం చూసుకోవడానికి అయితే సరే. కాని సూది లేకుండా షుగరు చూపిస్తామని అమ్మే గడియారాలు, ఉంగరాలు ప్రమాదం. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. ప్రజలను హెచ్చరించింది. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే షుగరు కొలిచే గడియారానికి గాని ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది.

ఇందులో ప్రమాదం ఏమిటో ఆలోచించండి. గడియారం 280 అని చూపింది, నిజానికి రక్తంలో షుగరు 90 ఉంది. ఆ అంకె చూసి ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచుకుంటే చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పవచ్చు. రాత్రి నిద్రలో జరిగితే ఇంట్లోవారికి కూడా తెలియదు. దీనికి తిరగబడితే ఇంకొక ప్రమాదం. గడియారం 120 చూపుతోందని ధైర్యంగా ఉన్నవారికి కాలి పుండు మానక, చివరికి వేలు తీసివేయవలసిన పరిస్థితి రావచ్చు.

చేతికి అంటించుకునే సెన్సారు వేరు. దానికి చర్మం కిందికి వెళ్లే సన్నని తీగ ఉంటుంది. అది చర్మం కింది నీటిలో షుగరును కొలిచి ఫోనుకో, గడియారానికో పంపుతుంది. డాక్టరు సలహాతో వాడితే ఉపయోగకరమే. అయినా అది రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనుకబడి చూపుతుంది. ఒంట్లో లక్షణాలు ఒకటి, అంకె ఇంకొకటి చెబుతుంటే వేలి చుక్కతో గ్లూకోమీటరు మీద చూసుకోవాలి. చూసుకునే వీలు లేకపోతే, వణుకు, చెమట ఉన్నప్పుడు ముందు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కరోనా రోజులు కూడా గుర్తు చేసుకోండి. వేలికి పెట్టే ఆక్సిజన్ పరికరం వెనుక ఉన్న సూత్రాన్ని జపానుకు చెందిన తకువో అయోయాగి 1970లలో కనిపెట్టారు. ఎన్నో ప్రాణాలు కాపాడిన పరికరం అది. అయితే 2021లో గిరాకీ పెరగగానే, వేలికి బదులు పెన్ను పెట్టినా అంకె చూపే నకిలీలు బజారులోకి వచ్చాయి. మంచి పరికరానికి కూడా గోళ్ల రంగు, గోరింటాకు, చల్లబడిన చేతులు అడ్డు వస్తాయి. నల్లని చర్మం గలవారిలో ఉన్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్ చూపవచ్చని 2020లో అమెరికాలో జరిగిన పరిశీలనలో తేలింది. కాబట్టి అంకె 96 ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మాలి.

తల్లి చెప్పిన మాట విన్న కుర్రవాళ్లు

2007లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు తక్కువ ఖర్చుతో నెలలు నిండని బిడ్డలకు వెచ్చదనం ఇచ్చే సాధనం తయారు చేయాలని పూనుకున్నారు. వారిలో నాగానంద్ మూర్తి, రాహుల్ పణిక్కర్ భారతీయులు. పల్లెల్లో బిడ్డలు ఇళ్లలోనే పుడుతున్నారని, పట్నంలోని ఇంక్యుబేటరు వరకు రాలేకపోతున్నారని గ్రహించి, ఎంబ్రేస్ అనే చిన్న పడకసంచి చేశారు. మైనంలాంటి పదార్థం ఉన్న ఒక పొట్లాన్ని వేడిచేసి అందులో ఉంచితే, కరెంటు లేకుండా కొన్ని గంటలపాటు 37 డిగ్రీల వెచ్చదనం ఇస్తుంది.

మన దేశంలో తల్లులకు దానిని చూపించినప్పుడు వారికి ఒక పాఠం దొరికింది. డాక్టర్లు ఇచ్చే మందు ఘాటు ఎక్కువని సగం మోతాదే వేసే అలవాటు ఉన్న తల్లి, 37 డిగ్రీలు వేడి చేయమంటే బిడ్డకు ఎక్కువవుతుందేమోనని 30 దగ్గరే ఆపేస్తానంది. అప్పుడు వారు అంకెలు తీసేసి, సరిపోయింది లేదా సరిపోలేదు అని మాత్రమే తెలిపే గుర్తు పెట్టారు. వాడేవారి మాట విని పరికరాన్ని మార్చుకున్న ఆ కుర్రవాళ్లను నేను నిజమైన ఆవిష్కర్తలని అంటాను.

అయినా తల్లి రొమ్ముకు సాటి అయిన యంత్రం ఇంకా రాలేదు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డను తల్లి గుండెకు చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. దానినే కంగారూ సంరక్షణ అంటున్నాం. మన దేశంతో సహా ఐదు దేశాల్లో జరిపిన పరిశోధన 2021లో వెలువడింది. తక్కువ బరువు బిడ్డలకు పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. దీనికి కావలసింది ఒక గుడ్డ, ఒక తల్లి, పక్కన నేర్పే ఒక నర్సు. తల్లికి అలసటగా ఉంటే తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ కూడా బిడ్డను అలా పెట్టుకోవచ్చు.

నా నాలుగు ప్రశ్నలు

కృత్రిమ మేధ గురించి కూడా చాలా వింటున్నాం. షుగరు రోగుల కంటి ఫోటో చూసి జబ్బు పట్టే గూగుల్ సంస్థ ప్రోగ్రామును థాయిలాండు క్లినిక్‌లలో పెట్టి చూశారు. నర్సులు తీసిన ఫోటోలలో సుమారు ఐదో వంతు వెలుతురు సరిగా లేవని ఆ ప్రోగ్రాము తిప్పి పంపిందని 2020లో వెల్లడించారు. ల్యాబ్‌లో నెగ్గిన తెలివి, రద్దీగా ఉన్న ఓ.పి. గదిలో తడబడింది. కనుక ఏ కొత్త పరికరం గురించి విన్నా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. అమ్మేవాడు కాకుండా బయటివారు ఎవరైనా దీనిని పరీక్షించారా? మన దేశంలో గ్లూకోమీటరు, బి.పి. మిషను, డిజిటల్ థర్మామీటరు 2021 నుండి ప్రభుత్వ నియంత్రణలో ఉన్నాయి. పెట్టె మీద తయారీ లేదా దిగుమతి లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి.

2. ఇది తప్పు చూపితే నాకు ఎలా తెలుస్తుంది? సరిచూసుకునే ఇంకొక దారి లేని పరికరాన్ని మందు మార్చడానికి వాడవద్దు.

3. దీని నిర్వహణ ఖర్చు ఎంత? మిషను చౌకగా దొరికి స్ట్రిప్పులు ఖరీదైతే నెల తిరిగేసరికి అది అల్మరాలో పడి ఉంటుంది.

4. దీని వలన మనుషుల సంరక్షణ పెరుగుతుందా, తగ్గుతుందా? నాన్నగారికి గడియారం పంపించాం కదా అని ఫోను చేయడం మానేస్తే, ఆ గడియారం వలన లాభం లేదు.

ఆసుపత్రులకు, సంఘాలకు కూడా ఒక మనవి. విరాళంగా యంత్రం ఇవ్వాలనుకునేవారు ముందుగా వార్డులో పనిచేసే సిస్టర్లను అడగండి. యంత్రంతో పాటు దానిని వాడడం నేర్పడానికి, మరమ్మతు చేయించడానికి కూడా కొంత పక్కన పెట్టండి. శిలాఫలకం మీద పేరు ఉండి, ప్లగ్గు పెట్టని యంత్రం ఎవరికీ మేలు చేయదు.

ఇలా ప్రశ్నించడం అవిశ్వాసం కాదు. బెరయ పట్టణంలోని విశ్వాసులు అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటలను కూడా లేఖనాలతో సరిచూసుకున్నారు. అందుకు వారిని ఎవరూ తప్పు పట్టలేదు, ఘనులని మెచ్చుకున్నారు. పౌలుకే లేని మినహాయింపు ఒక చేతి గడియారానికి ఎందుకు?

మీ ఇంట్లో ఉన్న గ్లూకోమీటరు, బి.పి. మిషను మీద అనుమానం ఉంటే ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి. మా సిస్టర్లు ఇక్కడి మిషనుతో పోల్చి చూపిస్తారు. ఈలోగా డాక్టరు గారిని అడగకుండా ఇన్సులిన్ గాని, మాత్రలు గాని ఏ గడియారం మాట మీదా మార్చవద్దు.

దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యమును, వివేచనను దయచేయును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్